పూత రాని తీగ: ఇంటితోట పెంపకందారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

అధ్యక్షులవారికి, ఈ సమావేశాన్ని ఏర్పాటు చేసిన మిత్రులకు, ఉదయం నుంచి ఓపికగా కూర్చున్న ఇంటితోట పెంపకందారులందరికీ నమస్కారం. నాకంటే ముందు మాట్లాడిన ఇద్దరూ మట్టి గురించి, నీటి గురించి చెప్పవలసినవన్నీ వివరంగా చెప్పి నా పని తేలిక చేశారు. వారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. నాకు అప్పగించిన అంశం 'తీగ చిక్కుళ్ళకు పందిరి వేయడం'. దానితోనే మొదలుపెడతాను. అయితే ఈ పిలుపు అందిన వెంటనే నేను ఒప్పుకోవడానికి కారణం పందిరి కాదని, నా చేతులతో నేనే పీకేసిన ఒక తీగ అని ముందుగానే మనవి చేసుకుంటున్నాను.

పందిరి వేయాలనుకునేవారు ముందు తీగ ఎలా ఎక్కుతుందో చూడాలి. దోస, కాకర, బీర వంటి పాదులకు నులితీగలు ఉంటాయి. అవి దేన్నైనా పట్టుకుని పైకి లాక్కుంటాయి. చిక్కుళ్ళకు, బీన్స్‌కు, బొబ్బర్లకు ఆ సదుపాయం లేదు. వాటి కాండమే ఆధారాన్ని చుట్టుకుంటూ ఎక్కాలి. లేత కొన గాలిలో నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూ ఆధారం కోసం వెదుకుతుంది. బీన్స్ తీగ కొన ఒక చుట్టు తిరిగి రావడానికి సుమారు రెండు గంటలు పడుతుందని చార్లెస్ డార్విన్ 1865లో ప్రచురించిన తన పరిశీలనల్లో రాశారు. పైనుంచి చూస్తే ఆ చుట్టు గడియారపు ముల్లుకు ఎదురు దిశలో ఉంటుంది. భూమధ్యరేఖకు ఉత్తరాన నాటినా దక్షిణాన నాటినా ఆ దిశ మారదు. తీగ పక్కకు వాలిందని మనం ఆదరంగా ఎత్తి, తోచిన వైపుకు గుంజకు చుడతాము; మర్నాటికి అది విడివడి మళ్ళీ కింద పడి ఉంటుంది. తీగకు పట్టు రాలేదని అనుకుంటాము గాని, మనం ఎదురు దిశలో చుట్టామని గమనించము.

కాండం చుట్టుకోవాలంటే ఆధారం సన్నగా ఉండాలి. లావుపాటి స్తంభాన్ని, నున్నటి గోడను చిక్కుడు తీగ ఎక్కలేదు. వేలి లావు వెదురు కర్ర, గరుకైన పురికొస దానికి అన్నిటికంటే అనుకూలం. నున్నటి లోహపు గొట్టం మీద కాస్త ఎక్కి, ఆకుల బరువు పెరగగానే జారిపోతుంది. అడ్డంగా కట్టిన ఇనుప తీగల కంటే నిలువుగా వేలాడదీసిన తాళ్ళనే ఇష్టపడుతుంది, ఎందుకంటే దాని ప్రయాణం ఎప్పుడూ పైకే. ఎత్తు రెండు మీటర్ల నుంచి రెండున్నర మీటర్ల వరకు చాలు. అంతకు మించితే కాయలు మన చేతికి అందవు. ఆకులు దట్టంగా కమ్మిన పందిరి గాలివానలో తెరచాపలా పనిచేస్తుందని గుర్తుంచుకుని, గుంజలను కనీసం అర మీటరు లోతున పాతి, వీలైతే రెండు వైపుల కర్రలను పైన కలిపి ముక్కోణంగా కట్టండి. నిండుగా కాసిన పందిరి ఒక రాత్రి కూలితే దానిని మళ్ళీ లేపడం అసాధ్యం. లేపేటప్పుడే కాండాలన్నీ మెలిపడి చితికిపోతాయి.

పందిరి ముందు, విత్తనం తర్వాత. తీగ సాగాక గుంజలు పాతితే వేళ్ళు తెగుతాయి. వేళ్ళు చెదిరితే చిక్కుడు సులభంగా కోలుకోదు. విత్తనం గురించి కూడా ఒక్క మాట. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి విత్తమని చాలామంది చెబుతారు. బీన్స్ గింజ ఒక్కసారిగా నీరు పీల్చుకుంటే లోపలి బద్దలు పగిలి, పోషకాలు బయటకు కారి, నేలలో కుళ్ళిపోయే ప్రమాదం ఉంది. తగినంత తడి ఉన్న నేలలో, రెండు మూడు సెంటీమీటర్ల లోతున పెడితే గింజకు కావలసిన నీరు అదే తీసుకుంటుంది. విత్తాక మట్టి పైన అట్ట కట్టకుండా చూసుకోండి. బద్దలను నెత్తిన పెట్టుకుని వంగిన మెడతో పైకి వచ్చే మొలక, గట్టిపడిన పొరను తోయలేక మెడ విరిగి చనిపోతుంది.

నేను రాసుకొచ్చిన కాగితంలో ఇక్కడ పేనుబంక గురించి, తుప్పు తెగులు గురించి ఉంది. వాటిని కాసేపు పక్కన పెడుతున్నాను, అధ్యక్షులవారు మన్నించాలి. ఇక్కడున్నవారిలో ఎంతమంది ఆకులు మాత్రమే పెరిగి పూత రాని చిక్కుడు తీగను చూశారో చేతులెత్తండి. సగానికి పైగా ఉన్నారు. వారిలో ఎంతమంది ఆ తీగను పీకేశారు? సంకోచించకండి, ఎత్తండి. నా చేయి కూడా ఎత్తాను, చూడండి.

మా అత్తగారు తన చివరి ఏడాదిలో నాకు పాతబట్ట మూట ఒకటి ఇచ్చారు. అందులో బూడిద కలిపి దాచిన పదకొండు చిక్కుడు గింజలు ఉన్నాయి. గింజ నలుపు, దాని వీపున తెల్లటి గీత. కాయ లేత ఆకుపచ్చగా, అంచు మాత్రం ఊదారంగులో ఉండేది. "ఇవి మా అమ్మ ఇచ్చినవి అమ్మాయ్, తెగిపోకుండా చూసుకో," అన్నారు. ఎప్పుడు విత్తాలో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. ఆవిడ పోయిన తర్వాత, రోజులు పొడుగవుతున్న కాలంలో, ఆవిడ మీది ప్రేమతోనే ఆ పదకొండు గింజలనూ ఒకేసారి విత్తాను. పదకొండూ మొలిచాయి. ఒక్కటి కూడా దాచుకోకపోవడమే నేను చేసిన మొదటి తప్పు.

తీగలు పందిరిని కప్పేశాయి, గోడ దాటాయి, పక్కనున్న చెట్టు మీదికి పాకాయి. అయిదు నెలలు గడిచినా ఒక్క పువ్వు పూయలేదు. మొక్కల గురించి బాగా తెలిసినవారని పేరున్న ఒక పెద్దమనిషిని పిలిచి చూపించాను. ఆయన ఒక ఆకును తిప్పి చూసి, "ఇది గొడ్డు తీగ, దీనికి నీళ్ళు దండగ, పీకేసి వేరే రకం పెట్టండి," అని చెప్పి వెళ్ళిపోయారు. ఆ మాటను నమ్మి మరునాడే పదకొండు పాదులనూ పెకలించి ఒక మూల కుప్ప పోశాను. రెండు రోజుల తర్వాత ఆ కుప్పను ఎత్తబోతే, వాడిపోయిన ఆకుల పంగల్లో బియ్యపు గింజంత మొగ్గలు గుత్తులు గుత్తులుగా కనిపించాయి. తీగ పూతకు సిద్ధమైన వారంలోనే నేను దాని వేళ్ళు తెంపాను. కొన్ని కొమ్మలను నీళ్ళలో పెట్టాను, మట్టిలో గుచ్చాను, ఏదీ బతకలేదు.

ఆ తీగకు ఏ జబ్బూ లేదు. పాతకాలపు చిక్కుడు రకాలలో చాలావరకు పగటి పొద్దు కురచబడితేనే పూతకు వస్తాయి. పగటి నిడివిని బట్టి మొక్కలు పూతకు వస్తాయన్న సంగతిని శాస్త్రబద్ధంగా చూపించినవారు అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు. వారి దగ్గర ఒక పొగాకు రకం ఉండేది. వేసవిలో పొలంలో మనిషిని మించి ఎదిగినా పూసేది కాదు, చలికాలంలో గాజుగదిలో మాత్రం చిన్న మొక్కగా ఉండగానే పూసేది. ఒక సోయా చిక్కుడు రకాన్ని విడతలు విడతలుగా విత్తితే, ముందు విత్తినవీ వెనక విత్తినవీ దాదాపు ఒకే కాలంలో పూశాయి. వేడిమి, తేమ, ఎరువు అన్నీ పరీక్షించి, చివరికి మొక్కలను రోజూ కొన్ని గంటలు చీకటి గదిలో ఉంచి పగటిని కృత్రిమంగా తగ్గించారు. వేసవిలోనే పూత వచ్చింది. ఆ ఫలితాలు 1920లో అచ్చయ్యాయి. మొక్క నిజానికి కొలుచుకునేది రాత్రి నిడివిని అని తర్వాతి పరిశోధనల్లో తేలింది. పొడవైన రాత్రి మధ్యలో కాసేపు వెలుతురు పడినా కొన్ని మొక్కలు పూత మానుకుంటాయి. కాబట్టి మీ పందిరి మీద రాత్రంతా వీధి దీపమో వాకిటి దీపమో ప్రకాశిస్తుంటే, పూత ఆలస్యానికి అది కూడా కారణం కావచ్చు. వీలైతే ఆ దీపం ఆర్పండి.

నేను గింజలు విత్తింది రోజులు పొడుగయ్యే కాలంలో. అందుకే తీగ ఆ అయిదు నెలలూ ఆకులు పెంచుకుంటూ, తనకు కావలసినంత పొడవైన రాత్రి కోసం ఎదురుచూసింది. అంత పని చేస్తున్న తీగను గొడ్డుదని అన్నాము. ఆ మాట ఆడవాళ్ళ విషయంలో ఎంత అన్యాయమో, తీగ విషయంలోనూ అంతే అన్యాయం. దయచేసి మీ తోటలో ఆ మాట వాడకండి.

పూత రాకపోవడానికి వేరే కారణాలు లేవని నేను అనడం లేదు. నత్రజని ఎరువు ఎక్కువైతే ఆకు ముదురు పచ్చగా, దట్టంగా పెరిగి పూత వెనకబడుతుంది. చిక్కుడు వేళ్ళకు ఉండే బుడిపెల్లో సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి. ఒక బుడిపెను కోసి చూస్తే లోపల గులాబీ రంగు ఉంటే ఆ పని సాగుతున్నట్టే. అటువంటి మొక్కకు గుప్పెళ్ళతో ఎరువు వేయవలసిన పని లేదు. ఇక ఎండ తీవ్రమైతే బీన్స్ తీగకు పూత వచ్చినా నిలవదు, రాలిపోతుంది. పూత రాలడం వేరు, పూత రాకపోవడం వేరు. ముందు ఆ తేడా గమనించి, తర్వాతే కారణం వెదకండి. పగటి నిడివితో నిమిత్తం లేకుండా రెండు నెలలకే పూసే రకాలు ఇప్పుడు ఉన్నాయి. తొందర ఉన్నవారు వాటిని పెంచుకోవచ్చు, నేను కాదనను. కాని ఎవరో దాచి ఇచ్చిన పాత గింజ మీ చేతికి వస్తే, దానిని ఎప్పుడు విత్తేవారో ఇచ్చినవారినే అడగండి. అడగడానికి వారు లేకపోతే, కొన్ని గింజలను మాత్రమే విత్తి, ఒక పూర్తి సంవత్సరం తీగను ఉండనివ్వండి.

దాచడం గురించి చెప్పి ముగిస్తాను. కాలం మించిపోతున్నదని అధ్యక్షులవారు సైగ చేస్తున్నారు. కూరకు కోయగా మిగిలిన గిడసబారిన కాయలను విత్తనానికి ఉంచడం మనకు అలవాటు. అలా కాదు, ఆరోగ్యంగా, బాగా కాసిన తీగను ముందే ఎంచుకుని గుడ్డపీలిక కట్టి, ఆ తీగ కాయలను తీగ మీదే ఎండనివ్వండి. మిగతా తీగల కాయలను రెండు మూడు రోజులకొకసారి కోస్తూనే ఉండండి, ఎందుకంటే గింజ ముదిరితే తీగ కొత్త పూత తగ్గించుకుంటుంది. ఆకు మచ్చలతో, ముడతలతో ఉన్న తీగ నుంచి విత్తనం తీయకండి. బీన్స్‌లో మొజాయిక్ వైరస్, మచ్చ తెగులు రెండూ గింజతోపాటే మరుసటి పంటకు వస్తాయి. వలిచిన గింజ మీద గోరు నొక్కితే గాటు పడకూడదు. పడితే ఇంకా ఆరాలి. బాగా ఎండిన తర్వాత గాలి చొరని సీసాలో పోసి వారం రోజులు ఫ్రీజర్లో ఉంచితే లోపల దాగిన పుచ్చు పురుగు గుడ్లు చనిపోతాయి. తడి ఉన్న గింజను మాత్రం అందులో పెట్టకండి. మొలిచే శక్తి పోతుంది. పొడిగా, చల్లగా ఉంచిన గింజ మూడు నాలుగేళ్ళు మొలుస్తుంది. ఎన్ని ఉన్నా సగం మించి విత్తకండి. పది ఉంటే అయిదు, రెండు ఉంటే ఒకటి.

పేనుబంక సంగతి ఈసారి చెప్పలేకపోయాను. అడిగినవారికి విడిగా చెబుతాను. ఇప్పుడు మీ అందరినీ ఒకటి అడుగుతున్నాను. నల్లటి గింజ, దాని వీపున తెల్లటి గీత, లేత ఆకుపచ్చ కాయకు ఊదారంగు అంచు. కాయ వేలెడు పొడవు ఉండి, కొస కొద్దిగా వంగి ఉంటుంది. రోజులు కురచబడ్డాకే పూస్తుంది. మీలో ఎవరి పందిరి మీదైనా, మీ బంధువుల పెరట్లోనైనా అటువంటి తీగ ఉంటే సభ ముగిశాక నన్ను కలవండి. నాకు నాలుగు గింజలు చాలు. రెండే విత్తుతాను.