చాట్స్‌వర్త్: ఒక తోటమాలి పని

సభాధ్యక్షులకు, సభికులకు నమస్కారం.

కడప, అనంతపురం తోటల నుంచి మన బజార్లకు వచ్చే పొడుగాటి అరటిపండును రైతులు జి-నైన్ అంటారు. గ్రాండ్ నైన్ అనే ఆ రకం కావెండిష్ తెగకు చెందినది. కావెండిష్ అన్నది ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో, డెర్వెంట్ నది ఒడ్డున ఉన్న చాట్స్‌వర్త్ భవనపు యజమానుల ఇంటిపేరు. ఆ పేరు అరటికి ఎలా వచ్చిందో చెప్పాలంటే, ఆ ఇంటి ప్రభువుల కంటే ముందుగా వారి తోటమాలిని తలచుకోవాలి.

ఆ భూమిని సర్ విలియం కావెండిష్, ఆయన భార్య బెస్ 1549లో కొన్నారు. తరువాత మొదటి డెవన్‌షైర్ డ్యూక్ అయిన వారి వంశీకుడు 1687 నుంచి 1707 వరకు ఆ ఇంటిని దాదాపు పూర్తిగా మళ్ళీ కట్టించాడు. ఇంగ్లండు, ఐర్లండులలోని వారి భూములను సాగుచేసిన కౌలుదార్ల కష్టం ఆ వైభవంలో ఉంది. ఆ మాట చెప్పకుండా దాని అందాన్ని పొగడడం నాకు సమ్మతం కాదు.

1826 మే 9న తెల్లవారుజామున నాలుగున్నరకు, జోసెఫ్ పాక్స్‌టన్ అనే 22 ఏళ్ళ యువకుడు ఆరో డ్యూక్ దగ్గర తోటల పెద్దగా చేరడానికి అక్కడికి వచ్చాడు. తలుపులు ఇంకా తెరవకపోవడంతో గేటు ఎక్కి దిగి, తోటంతా కలియదిరిగి, ఆరింటికి పనివాళ్ళను పనిలో పెట్టి, ఫౌంటెన్లు ఆడించి చూసి, ఇంటి పెత్తనం చూసే ఆవిడతోనూ ఆమె మేనకోడలు సారాతోనూ ఫలహారం చేశాడు. తొమ్మిది గంటల లోపే ఇదంతా జరిగిపోయింది. సారానే ఆయన పెళ్ళాడాడు.

మారిషస్ మీదుగా ఇంగ్లండుకు చేరిన ఒక పొట్టి అరటిని పాక్స్‌టన్ గాజు ఇంట్లో పెంచగా, 1835 నవంబరులో అది పువ్వు వేసింది. దానికి యజమాని ఇంటిపేరే పెట్టారు. అదే ఏడాది జాన్ గిబ్సన్ అనే తోట పనివాణ్ణి మన దేశానికి పంపితే, అతడు ఖాసీ కొండలు తిరిగి ఆర్కిడ్లు సేకరించుకుపోయాడు.

రష్యా చక్రవర్తి మొదటి నికొలాస్ 1844లో తమ ఇంటికి వస్తాడన్న ఆశతో, పాక్స్‌టన్ కొండ మీద ఎనిమిది ఎకరాల చెరువు తవ్వించి, గొట్టాలు దింపి, రాత్రిళ్ళు కూడా పని నడిపించి ఆరు నెలల్లో ఒక ఫౌంటెన్ సిద్ధం చేశాడు. దానికి పంపు లేదు. నీరు పల్లమెరుగు అన్న ఒక్క సూత్రంతోనే ఆ ధార 90 మీటర్ల ఎత్తుకు లేచింది. చక్రవర్తి మాత్రం రాలేదు.

1849లో ఇంగ్లండులో మొదటిసారిగా ఇక్కడే పూసిన అమెజాన్ కలువ ఆకు మీద ఆయన తన కూతురు ఆనీని నిలబెట్టాడు. ఆ ఆకు అడుగున అల్లుకుని, అంత బరువును మోసే ఈనెల పొందికను తన గాజు ఇళ్ళ కట్టడానికి పట్టుకొచ్చాడు; లండన్‌లో 1851 ప్రదర్శనకు లేచిన క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు భవనపు రూపకర్త ఆయనే.

చాట్స్‌వర్త్ ఇంట్లో డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ చిత్రమూ, ఇటలీ మహాచిత్రకారుల రేఖాచిత్రాలూ ఉన్నాయి. అయినా నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఓరగా తెరిచిన తలుపు వెనుక వేలాడే వయొలిన్. అది యాన్ వాన్ డెర్ వార్ట్ గీసిన బొమ్మ. శిల్పశాలలో రఫాయెల్లె మోంటి చెక్కిన కన్య ముఖం మీది మేలిముసుగు కూడా ఇలాంటి మాయే: పాలరాయి పలుచబడి, వెనుక కనురెప్పలు కనిపిస్తున్నాయనిపిస్తుంది.

1950లో పదో డ్యూక్ మరణించినప్పుడు ఆస్తి మీద 80 శాతం పన్ను పడింది. ఆ పన్ను కింద ఆ కుటుంబపు మరో భవనమైన హార్డ్‌విక్ హాల్‌నూ, విలువైన కళాఖండాలనూ ప్రభుత్వానికి అప్పగించారు. 1981లో ఏర్పడిన చాట్స్‌వర్త్ హౌస్ ట్రస్టు ఇప్పుడు భవనాన్నీ తోటలనూ చూసుకుంటోంది.

చాట్స్‌వర్త్ తోటలో పాక్స్‌టన్ కట్టిన మహా గాజు భవనం మాత్రం దక్కలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వేడి చేయడానికి బొగ్గు లేక మొక్కలు చచ్చిపోగా, 1920లో దాన్ని పేల్చివేశారు. దాని పునాది గోడల నడుమ ఇప్పుడు యూ అనే సతతహరిత మొక్కల కంచెలతో పెంచిన చిక్కుదారుల తోట ఉంది. చాట్స్‌వర్త్ తోటల్లోనే 1970లో కట్టిన మరో గాజు ఇంట్లో ఇప్పటికీ కావెండిష్ అరటి పెంచుతున్నారు.