ముందు ఫోన్ లాక్కోకండి

(వనస్థలిపురంలోని ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో, తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి కూర్చున్న ఆదివారం సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, కుర్చీలు వేసిన కుర్రాళ్ళకి, వంట పక్కన పెట్టి వచ్చిన అమ్మలకి, ఆదివారం క్రికెట్ మానుకుని మొహాలు మాడ్చుకుని కూర్చున్న పిల్లలకి, పేరుపేరునా చెప్పాలనే ఉంది కానీ ఇరవై నిమిషాలే అన్నారు. లెక్కల టీచర్ కదా, టైముకి ఆపేస్తుందని అధ్యక్షుల వారి నమ్మకం. చూద్దాం.

సైబర్ వేధింపుల గురించి, పిల్లలు సోషల్ మీడియా ఎంత వాడాలనే దాని గురించి చెప్పమన్నారు. రాసుకొచ్చాను కూడా, ఇదిగో కాగితం. కానీ ఒక పిల్లాడి సంగతి చెప్పకపోతే నాకు మిగతాది నోటికి రాదు. వాళ్ళమ్మని అడిగే చెప్తున్నాను. ఈ కాలనీ వాడు కాదు, ఎవరా అని వెతక్కండి.

టెన్త్ చదివేవాడు, నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చేవాడు. కరోనా పోయి, అందరూ మాస్కులు మర్చిపోయాక, ఉన్నట్టుండి మాస్క్ పెట్టుకుని రావడం మొదలుపెట్టాడు. ఏమైందిరా అంటే జలుబు మేడం అంటాడు. జలుబైతే వారానికి తగ్గాలి, వీడికి తగ్గదు. మంచినీళ్ళు తాగాలన్నా గోడ వైపు తిరిగి, మాస్క్ కాస్త పైకెత్తి, గటగటా తాగేసి మళ్ళీ దించుకునేవాడు. తర్వాత తెలిసిందేంటంటే, స్కూల్ టూర్ నుంచి తిరిగొస్తుంటే బస్సులో నిద్రపోయాడు, నోరు తెరుచుకుని, చొంగ కారుతూ. మీరూ నేనూ పడుకుంటే అంతకన్నా అందంగా ఏం ఉండం. ఎవడో ఫోటో తీశాడు. దాన్ని వాట్సాప్ స్టిక్కర్ చేశారు, ఇప్పుడు దానికి వేరే యాప్ కూడా అక్కర్లేదు, వాట్సాప్‌లోనే అర నిమిషం పని. కింద ఒక మాట రాశారు, అది ఇక్కడ చెప్పను. ఇంక సెక్షన్ గ్రూపులో ఎవరు గుడ్ మార్నింగ్ అన్నా వీడి మొహం, రేపు టెస్ట్ ఉందా అంటే వీడి మొహం, ఎవరిదో బర్త్‌డే అయితే కేకు బొమ్మ పక్కన వీడి మొహం. "ప్లీజ్ రా, ఆపండి రా" అని వీడు పెడితే దాని కిందా వీడి మొహమే.

మెసేజ్ అయితే డిలీట్ చేయిస్తాం. స్టిక్కర్ అలా కాదు, సేవ్ చేసుకున్న ప్రతివాడి ఫోన్లోనూ ఉండిపోతుంది, వాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికొస్తుంది.

ఇంట్లో కూడా మాస్క్ తియ్యట్లేదని వాళ్ళమ్మ పట్టుకుని అడిగితే ఏడ్చి చెప్పాడు. వాళ్ళ నాన్న వెంటనే ఏం చేశారో తెలుసా? ఇక్కడున్న నాన్నలు చాలామంది చేసేదే చేశారు. గ్రూపులోంచి ఎగ్జిట్ చేయించి, చాటంతా డిలీట్ కొట్టించి, ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశారు. పీడ విరగడైందనుకున్నారు. ఆయన చెడ్డవాడేం కాదు, కొడుకు ఏడుస్తుంటే కడుపు మండి చేశారు. కానీ పిల్లాడికి టెన్షన్ రెట్టింపైంది. గ్రూపులో ఏం నడుస్తోందో తెలియదు, ఎవరు నవ్వినా తన గురించేనేమో అనిపిస్తుంది. తర్వాత స్కూలుకి వెళ్ళి అడిగితే చూపించడానికి ఆధారం ఏదీ మిగల్లేదు. "ఇది మా ఆవరణలో జరగలేదండీ, ఫోన్ అనేది ఇంటి విషయం" అని పంపించేశారు. టూర్‌కి తీసుకెళ్ళింది వాళ్ళే, బస్సు వాళ్ళదే, పక్క సీట్లో టీచర్ ఉన్నారు, అయినా వాళ్ళ ఆవరణ కాదట!

అదే గ్రూపులో ఒకమ్మాయి స్క్రీన్‌షాట్లు దాచింది, తేదీలతో సహా, ఎవరూ చెప్పకుండానే. అవి ముందు పెడితే అప్పుడు కదిలారు. నలుగురు పిల్లల్ని, వాళ్ళ తల్లిదండ్రుల్ని పిలిచారు. ఒకావిడ "సరదాకి చేశార్లెండి, మగపిల్లలు కదా" అన్నారు. స్టిక్కర్ అందరి ఫోన్లలోంచి తీయించారు. కథ సుఖాంతం అని చెప్పాలని నాకూ ఉంది కానీ, వాడు మాస్క్ తీసింది పబ్లిక్ పరీక్ష రోజున, హాల్‌టికెట్ మీద ఫోటోతో పోల్చి చూడాలని ఇన్విజిలేటర్ తీయమంటే.

అయ్యో, సగం టైము అయిపోయింది. సరే.

ట్యూషన్‌లో పిల్లల్ని అడిగాను, ఇలాంటివి ఇంట్లో ఎందుకు చెప్పరర్రా అని. భయమనో సిగ్గనో అంటారనుకున్నా. అందరూ ఒక్కటే మాట, "ఫోన్ తీసేసుకుంటారు మేడం." మొహాన్ని స్టిక్కర్ చేసినా భరిస్తారట గానీ ఫోన్ పోతే భరించలేరట! మనకి తిక్కగా అనిపిస్తుంది, వాళ్ళకి కాదు, స్నేహితులందరూ అందులోనే ఉన్నారు. అందుకే నేను ఇవాళ చెప్పడానికి వచ్చింది నిజానికి ఒక్కటే: పిల్ల వచ్చి చెప్పిన రోజున ఫోన్ ముట్టుకోకండి. ఆ మాట ముందే ఇవ్వండి. ఇప్పుడే ఇవ్వండి, పక్కనే కూర్చున్నారు కదా. "నువ్వొచ్చి చెబితే ఫోన్ తీసుకోను, తిట్టను" అనండి. మూడో వరసలో సార్, మీరే, పెదాలు కదులుతున్నాయి గానీ మాట వినబడట్లేదు.

అలాగని రోజంతా చేతిలో పెట్టుకోమని కాదు. రాత్రి ఫోన్లన్నీ హాల్లో చార్జింగ్‌కి పెట్టాలి, అమ్మానాన్నలవి కూడా. ఇన్‌స్టాగ్రామ్‌కి 13 ఏళ్ళు నిండాలి. 2025 ఫిబ్రవరి నుంచి మన దేశంలోనూ టీన్ అకౌంట్లు వచ్చాయి: అకౌంట్ ప్రైవేట్‌గా ఉంటుంది, గంట దాటితే ఇక చాలని గుర్తు చేస్తుంది, రాత్రి పదింటి నుంచి పొద్దున ఏడు దాకా నోటిఫికేషన్లు మూగబోతాయి, 16 లోపు వాళ్ళు ఆ సెట్టింగులు సడలించాలంటే పెద్దవాళ్ళు ఒప్పుకోవాలి. బాగానే ఉంది. కానీ ఇవన్నీ పుట్టిన సంవత్సరం నిజం చెబితేనే కదా! మన ఇళ్ళల్లో తప్పు సంవత్సరం వేసి అకౌంట్ తెరిచి ఇచ్చేది ఏ బాబాయో, పెద్దన్నయ్యో. 2025 డిసెంబర్ నుంచి ఆస్ట్రేలియా వాళ్ళు 16 లోపు పిల్లలకి సోషల్ మీడియా అకౌంట్లే ఉండకూడదన్నారు, మనమూ ఆపేస్తే పోదా అని ఇందాక బయట ఒకరు అడిగారు. ఆపేదాకా ఆగుదామా? బాబాయిని ఈ రాత్రే ఆపొచ్చు.

ఇప్పుడు పిల్లలు వినండి, పెద్దవాళ్ళు కూడా. ఎవరైనా ఏడిపిస్తే ముందు తిరిగి తిట్టకండి, డిలీట్ చెయ్యకండి. పేరు, నంబర్, తేదీ, టైము కనబడేలా స్క్రీన్‌షాట్ తియ్యండి, ఇన్‌స్టా అయితే ఆ ప్రొఫైల్ లింక్ కాపీ చేసి పెట్టుకోండి. రిపోర్ట్, బ్లాక్ ఆ తర్వాత. బ్లాక్ చేస్తే గొడవ పెద్దదవుతుందని భయమైతే రిస్ట్రిక్ట్ అని ఒకటుంది, వాడి కామెంట్ వాడికే కనబడుతుంది, నువ్వు ఒప్పుకుంటే తప్ప ఇంకెవరికీ కనబడదు, వాడికి సంగతే తెలియదు. నాకు అది భలే నచ్చింది, కాలనీ గ్రూపులో కూడా ఉంటే బాగుండు.

చట్టం సంగతి. సైబర్ బుల్లీయింగ్ అనే పేరుతో మనకి విడిగా చట్టం లేదు. వద్దన్నా ఒకమ్మాయి వెనకాల ఆన్‌లైన్‌లో పడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. ఎవరి రహస్య భాగాల ఫోటోనైనా వాళ్ళు ఒప్పుకోకుండా తీసినా, పంపినా ఐటీ చట్టం 66ఈ. అదే 18 ఏళ్ళలోపు పిల్లల అశ్లీల ఫోటో, వీడియో అయితే ఐటీ చట్టం 67బీ, పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో, రెండూ వస్తాయి, నేను తియ్యలేదు, ఫార్వర్డ్ చేశానంతే అంటే కుదరదు. చేసింది పిల్లలే అయితే కేసు పిల్లల నేరాలు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళ్తుంది. ఇంటర్ కుర్రాళ్ళూ, ఏఐతో క్లాస్‌మేట్ మొహం అలాంటి ఫోటోకి అతికించడం జోక్ కాదు, అర్థమైందా?

ఫోటో బయట పెడతానని ఎవరైనా బెదిరిస్తే డబ్బు పంపకండి, ఇంకో ఫోటో అసలు పంపకండి. ఇంకొకటి అడుగుతాడు, ఆగడు. డబ్బు ఇప్పటికే పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఆడవాళ్ళ, పిల్లల ఫిర్యాదులకు విడిగా చోటుంది, పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. మన హైదరాబాద్‌లో ఆడవాళ్ళని వేధించేవాళ్ళని పట్టే పోలీసు బృందాలు, షీ టీమ్స్, 2014 నుంచి ఉన్నాయి. పిల్లలు స్వయంగా చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి చెయ్యొచ్చు. మనసు బాగా లేకపోతే, ఏ రాత్రైనా సరే, టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. 18 లోపు వాళ్ళ నగ్న ఫోటోలు ఆన్‌లైన్‌లో పాకకుండా ఆపడానికి టేక్ ఇట్ డౌన్ అనే సైట్ ఉంది, ఫోటో మన ఫోన్ దాటదు, దాని గుర్తు లాంటి కోడ్ ఒకటే వెళ్తుంది.

కాగితంలో ఇంకా ఉంది గానీ పక్కన పెట్టేస్తున్నా, అధ్యక్షుల వారు వాచీ చూస్తున్నారు. ఆఖరుది, ఇది కాగితంలో లేదు.

స్టిక్కర్ చేసిన కుర్రాణ్ణి కూడా అడిగాను, ఎందుకు చేశావురా అని. "మా పేరెంట్స్ గ్రూపులో మార్కుల లిస్ట్ పెడతారు కదా మేడం, లాస్ట్ వచ్చినవాళ్ళ పేర్లు ఎర్ర రంగులో. అందరూ చూస్తారు కదా, మరి మేం పెడితే తప్పా?" అన్నాడు. నా దగ్గర జవాబు ఉంది గానీ వాడి ప్రశ్న తీసెయ్యదగ్గది కాదు. రిజల్ట్స్ వచ్చాయంటే దిల్‌సుఖ్‌నగర్ మెట్రో పిల్లర్లన్నీ ర్యాంకుల మొహాలే. టీవీలో ఒకటి ఒకటి ఒకటి, రెండు రెండు రెండు అని అరుపులు. ఆ ఫ్లెక్సీలో లేని పిల్లలకి ఆ దారిన రోజూ నడిచి వెళ్ళడం ఎలా ఉంటుందో ఎప్పుడైనా అడిగామా? తక్కువ మార్కులొచ్చిన పిల్ల పేరు నలుగురిలో పెట్టి, కింద ఏడుపు ఎమోజీ పెట్టిన పెద్దవాళ్ళు ఈ హాల్లో లేరంటారా? అదీ వేధింపే. దాన్ని మోటివేషన్ అని పిలుస్తున్నాం, అంతే.

అందుకే ఒక వినతి రాశాను. మన పిల్లలు వెళ్ళే స్కూళ్ళకి, కాలేజీలకి: మార్కులు ఎవరివి వాళ్ళకే విడిగా పంపండి, గ్రూపులో పెట్టకండి అని. అరపేజీ ఉంది. ఆ చివర టేబుల్ మీద టీ పక్కన పెట్టాను. చదివి, ఒప్పుకుంటేనే సంతకం పెట్టండి. పిల్లలు కూడా పెట్టొచ్చు, వాళ్ళకి కింద విడిగా గీతలు గీశాను. పెన్ను రాయకపోతే నా బ్యాగులో ఇంకోటుంది.