ఆట గుట్టు వేరు, టికెట్ గుట్టు వేరు: క్రికెట్ జట్లు అభిమానులకు ఏం చెప్పాలి?

[తెర మీద: సికింద్రాబాద్ మ్యాప్, జింఖానా గ్రౌండ్ దగ్గర గుర్తు. తేదీ: 22 సెప్టెంబర్ 2022]

2022 సెప్టెంబర్ 22, సికింద్రాబాద్ జింఖానా గ్రౌండ్. ఇంకో మూడు రోజుల్లో ఉప్పల్‌లో ఇండియా, ఆస్ట్రేలియా టీ20. 2019 డిసెంబర్ తర్వాత హైదరాబాద్‌కి అంతర్జాతీయ మ్యాచ్ రావడం అదే మొదటిసారి. కౌంటర్లో టికెట్లు ఇస్తారని తెలిసి పొద్దున్నే వేల మంది లైన్లో నిలబడ్డారు. ఎండెక్కింది, గేటు దగ్గర తోపులాట మొదలైంది, పోలీసులు లాఠీలు ఎత్తారు, జనం ఒకరిమీద ఒకరు పడ్డారు. దెబ్బలు తగిలి ఆసుపత్రికి వెళ్లినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు, పోలీసులూ ఉన్నారు.

లైన్లో ఉన్నవాళ్లకి తెలియాల్సింది ఒక్క అంకె. మొత్తం టికెట్లలో ఈ కౌంటర్లో అమ్మేవి ఎన్ని? అది ముందురోజు రాత్రే చెప్పి ఉంటే చాలామంది ఆ ఎండలో నిలబడేవాళ్లే కాదు. ఆ అంకె హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్, అంటే హెచ్‌సీఏ దగ్గర ఉంది. జనానికి మాత్రం చెప్పలేదు.

నమస్తే. ప్రొఫెషనల్ క్రీడా జట్లు, వాటిని నడిపే సంఘాలు అభిమానులకు, విలేకరులకు ఎంతవరకు జవాబు చెప్పాలి? "మాది ప్రైవేటు సంస్థ, మా ఇష్టం" అంటే సరిపోతుందా? ఈ వీడియోలో నేను మాట్లాడేది దీని గురించే. ఎక్కువగా క్రికెట్ గురించే మాట్లాడతాను, ఎందుకంటే మన దగ్గర డబ్బంతా అక్కడే ఉంది.

[తెర మీద: ఉప్పల్ స్టేడియం, పైనుంచి తీసిన షాట్]

ఐపీఎల్ వేలం మీరందరూ చూసే ఉంటారు. 2024 నవంబర్‌లో జెడ్డాలో రిషభ్ పంత్‌ని లక్నో 27 కోట్లకు కొనుక్కుంది. మనిషి ధర లైవ్ టీవీలో, ప్రపంచం మొత్తం చూస్తుండగా, సుత్తి కొట్టి మరీ చెప్పారు. ఇరవై ఏళ్ల కుర్రాడికి 30 లక్షలు వచ్చినా ఊరంతా తెలుస్తుంది. మరి ఉప్పల్‌లో దాదాపు 39 వేల సీట్లుంటే, ఒక మ్యాచ్‌కి మామూలు జనానికి అమ్మేవి ఎన్ని, పాసుల కింద పోయేవి ఎన్ని? ఆ లెక్క ఏ వేలంలోనూ చదవరు. ఆటగాడి జీతం అందరికీ తెలిసిపోతుంది, నిర్వాహకుల లెక్క మాత్రం గుట్టుగా ఉంటుంది.

ఆ లెక్క ఒక్కసారి బయటికొచ్చింది. అదీ వాళ్లలో వాళ్లకు చెడింది కాబట్టి. 2025 మార్చి చివర్లో సన్‌రైజర్స్ యాజమాన్యం హెచ్‌సీఏకి రాసిన లేఖ మీడియాకి చిక్కింది. ఒప్పందం ప్రకారం 3,900 ఉచిత పాసులు ఇస్తున్నామని, ఇంకా కావాలని వేధిస్తున్నారని, ఒక మ్యాచ్‌కి కార్పొరేట్ బాక్సుకు తాళం వేశారని, పరిస్థితి ఇలాగే ఉంటే వేరే ఊరు చూసుకుంటామని అందులో ఉంది. హెచ్‌సీఏ ఆ ఆరోపణల్ని కొట్టిపారేసింది. తెలంగాణ ప్రభుత్వం విజిలెన్స్ విచారణకి ఆదేశించింది. జులైలో సీఐడీ హెచ్‌సీఏ అధ్యక్షుణ్ని అరెస్టు చేసింది. తప్పెవరిదో కోర్టు తేలుస్తుంది, దాని జోలికి నేను పోను. నన్ను కలవరపెట్టేది వేరే విషయం. ప్రతి మ్యాచ్‌లో పదో వంతు సీట్లు పాసుల కింద పోతాయని టికెట్ కొనేవాడికి తెలిసింది ఆ గొడవ వల్లే. వాళ్లిద్దరి మధ్య సఖ్యత ఉన్నంతకాలం మనకెవరూ ఆ మాట చెప్పలేదు.

[తెర మీద: ఖాళీ డ్రెస్సింగ్ రూమ్]

అయితే అన్నీ చెప్పేయాలా? అక్కర్లేదు. రేపటి మ్యాచ్‌లో కొత్త బంతి ఎవరికిస్తారు, ఫలానా బ్యాటర్‌కి ఏ లెంగ్త్‌లో వేయాలని ప్లాన్ చేశారు, డ్రెస్సింగ్ రూములో ఎవరు ఎవరిమీద కేకలేశారు, ఇవేవీ మనకి బాకీ లేవు. అది ఆట గుట్టు. అది దాచుకోవాలి, దాచుకుంటేనే ఆట రక్తి కడుతుంది. ఆటగాడి మనసు కూడా అంతే. 2021 ఫ్రెంచ్ ఓపెన్‌లో టెన్నిస్ క్రీడాకారిణి నవోమి ఒసాకా ప్రెస్ కాన్ఫరెన్సుకు రాలేనంటే 15 వేల డాలర్ల జరిమానా వేశారు. తన మానసిక ఆరోగ్యం కోసమేనని చెప్పినా వినలేదు. చివరికి ఆమె టోర్నీ నుంచే తప్పుకుంది. అది పారదర్శకత కాదు, ఒక మనిషిని పిండి మాట రాబట్టడం.

చెప్పి తీరాల్సిన టికెట్ లెక్కకీ, దాచుకోదగ్గ ఆట గుట్టుకీ మధ్య ఉన్నవి మూడు: జట్టు ఎంపిక, గాయాలు, డబ్బు. వీటి దగ్గరే అసలు గొడవ.

గాయాల విషయం చూద్దాం. 2024 చివర్లో భారత జట్టు ఆస్ట్రేలియాలో ఉంది. మహమ్మద్ షమీ ఇక్కడ దేశవాళీ మ్యాచ్‌లు ఆడుతున్నాడు. వస్తాడా రాడా? రోజుకో పుకారు. చివరికి బ్రిస్బేన్‌లో కెప్టెన్ రోహిత్ శర్మే, ఎన్‌సీఏ, అంటే బోర్డు నడిపే నేషనల్ క్రికెట్ అకాడమీ నుంచి ఎవరో ఒకరు ముందుకొచ్చి షమీ పరిస్థితేంటో చెబితే బాగుంటుందన్నాడు. భారత కెప్టెన్ భారత బోర్డు సమాచారం కోసం ప్రెస్‌మీట్‌లో అడగాల్సి వచ్చింది! డిసెంబర్ 23న బోర్డు ప్రకటన ఇచ్చింది. మడమ ఆపరేషన్ నుంచి కోలుకున్నాడు, రంజీలో బెంగాల్ తరఫున 43 ఓవర్లు వేశాడు, ఆ భారం వల్ల ఎడమ మోకాలికి కాస్త వాపు వచ్చింది, కాబట్టి మిగతా టెస్టులకు రాడు. ఇంతే. కొద్ది లైన్లలో ఒక్క అనవసరపు మాట లేదు, ఆటగాడి పరువుకి భంగం లేదు. ఇదే ప్రకటన రెండు వారాల ముందు ఇస్తే బోర్డుకి పోయేదేమీ లేదు.

అమెరికాలో ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే వాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్, ఇదే పనిని ఒక పద్ధతిగా పెట్టుకుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మనవాళ్లకి ఇది బాగా తెలుసు. ఆదివారం మ్యాచ్ అంటే బుధ, గురు, శుక్రవారాల్లో ప్రతి జట్టూ గాయాల జాబితా విడుదల చేయాలి. ఎవరు పూర్తిగా ప్రాక్టీసు చేశారు, ఎవరు కొంచెమే చేశారు, ఎవరు అసలు దిగలేదు అన్నీ అందులో ఉంటాయి. చివరి రోజు ఎవరు ఆడరో, ఎవరు ఆడేది అనుమానమో కూడా చెప్పాలి. 2019లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ తమ క్వార్టర్‌బ్యాక్ మోచేతి నొప్పిని జాబితాలో పెట్టలేదని లీగ్ ఆ జట్టుకి 75 వేల డాలర్లు, కోచ్‌కి 25 వేల డాలర్లు జరిమానా వేసింది.

ఎందుకింత పట్టుదల? అభిమానుల మీద ప్రేమతో మాత్రం కాదు. 1946 ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌ని ఫిక్స్ చేయడానికి జూదగాళ్లు ప్రయత్నించారు. ఆ తర్వాతే గాయాల జాబితా పద్ధతి వచ్చింది. ఎవరు ఆడరన్నది నలుగురికే తెలిస్తే ఆ కబురుకి ధర ఉంటుంది. అదే అందరికీ తెలిస్తే బుకీ దాన్ని కొనడు.

ఇప్పుడు ఇదే మాటని మన దగ్గరికి తెచ్చి చూడండి. 2013 ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్ కేసు. చెన్నై జట్టుని నడిపించినవాళ్లలో ఒకడు, అప్పటి బోర్డు అధ్యక్షుడి అల్లుడు గురునాథ్ మెయ్యప్పన్ బెట్టింగ్ చేశాడని, జట్టు లోపలి సమాచారం బయటికి చేరవేశాడని సుప్రీంకోర్టు వేసిన ముద్గల్ కమిటీ 2014 ఫిబ్రవరి నివేదికలో తేల్చింది. అంటే అభిమానికి చెప్పకూడని సమాచారం బెట్టింగ్ వాళ్లకి చేరిపోయింది. గోప్యత ఆటని కాపాడుతుంది అనేవాళ్లు ముందు ఈ నివేదిక చదవాలి.

[తెర మీద: అంబటి రాయుడు, ఎమ్మెస్కే ప్రసాద్ ఫోటోలు పక్కపక్కన]

జట్టు ఎంపిక దగ్గరికి వద్దాం. 2019 వరల్డ్ కప్ జట్టు. మనవాళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు. చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్‌ది గుంటూరు, అంబటి రాయుడిదీ గుంటూరే. రాయుణ్ని పక్కనపెట్టి విజయ్ శంకర్‌ని ఎందుకు తీసుకున్నారని అడిగితే, అతను బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ చేస్తాడు, మూడు డైమెన్షన్లున్న ఆటగాడు అన్నారు ప్రసాద్. మర్నాడు రాయుడు, వరల్డ్ కప్ చూడ్డానికి త్రీడీ కళ్లద్దాలు ఆర్డర్ చేశానని ట్వీట్ పెట్టాడు. తర్వాత శంకర్‌కి గాయమైతే మయాంక్ అగర్వాల్‌ని పంపారు. స్టాండ్‌బైగా ఉన్న రాయుడు జులైలో రిటైర్మెంట్ ప్రకటించేశాడు.

రాయుడికి అన్యాయం జరిగిందని నేను గట్టిగా నమ్ముతాను. అయినా ఆ ప్రెస్‌మీట్ విషయంలో ప్రసాద్‌ని మెచ్చుకుంటాను. కారణం చెప్పారు, కెమెరాల ముందు కూర్చుని తన పేరుతో చెప్పారు. చెప్పబట్టే మనం దాన్ని తూకం వేయగలిగాం, తప్పని వాదించగలిగాం, ఇన్నేళ్లయినా ఆ ఒక్క మాట పట్టుకుని నిలదీస్తున్నాం. కారణమే చెప్పకుండా జాబితా మెయిల్ చేసి ఊరుకుంటే వాదించడానికి మన చేతిలో ఏముంటుంది? పుకారు తప్ప.

విలేకరులు ఎందుకు కావాలో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఇప్పుడు ప్రతి జట్టుకీ సొంత యూట్యూబ్ ఛానల్ ఉంది. బస్సులో పాటలు, హోటల్లో కేక్ కోతలు, నెట్స్‌లో సిక్సర్లు. చూడ్డానికి బాగుంటాయి, నేనూ చూస్తాను. కానీ జట్టు జీతమిచ్చే కెమెరామన్, పాసులెన్ని ఇచ్చారని కెప్టెన్‌ని అడగడు. మన హైదరాబాదీ హర్షా భోగ్లేని 2016 ఐపీఎల్‌కి కొద్దిరోజుల ముందు కామెంటరీ జాబితా నుంచి తీసేశారు. ఎందుకో తనకి ఎవరూ చెప్పలేదని ఆయనే రాశారు. అంత పేరున్న గొంతుకే కారణం చెప్పనివాళ్లు, రేపు కుర్ర విలేకరికి చెబుతారా? అది చూసిన మిగతా కామెంటేటర్లు బోర్డు తప్పుని మైకులో ఎత్తిచూపే ముందు రెండుసార్లు ఆలోచిస్తారు.

[తెర మీద: "ఈ జట్టు దేశం తరఫున ఏ నిబంధన ప్రకారం ఆడుతోంది?"]

తెర మీదున్న ప్రశ్న చూడండి. దాదాపు ఇదే అర్థం వచ్చేలా ఒక మహిళ ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద క్రీడా మంత్రిత్వ శాఖని అడిగింది. బీసీసీఐ, అంటే భారత క్రికెట్ బోర్డు ఎంపిక చేసే జట్టు భారతదేశానికి ప్రాతినిధ్యం ఎలా వహిస్తోంది? మా దగ్గర సమాచారం లేదంది మంత్రిత్వ శాఖ. ఆ ఫైలు కేంద్ర సమాచార కమిషనర్ మాడభూషి శ్రీధర్ ఆచార్యులు ముందుకి వెళ్లింది. హైదరాబాద్ నల్సార్‌లో లా పాఠాలు చెప్పిన మన తెలుగు ప్రొఫెసర్ ఆయన. 2018 అక్టోబర్ 1న తీర్పిచ్చారు: బీసీసీఐ ప్రజా సంస్థే, ఆర్టీఐ దానికీ వర్తిస్తుంది, దరఖాస్తులు తీసుకునే ఏర్పాటు చేయాలి.

అది ఆయన ఒక్కరి మాటా కాదు. బోర్డు చేసేది ప్రజలకు సంబంధించిన పని అని 2015 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆర్టీఐ కిందికి తేవాలని 2016లో సుప్రీంకోర్టు వేసిన లోధా కమిటీ అంది. 2018 ఏప్రిల్‌లో లా కమిషన్ తన 275వ నివేదికలో అదే చెప్పింది. సర్కారు సొమ్ము తీసుకోవట్లేదన్న వాదనకీ లా కమిషన్ జవాబిచ్చింది: 1997 నుంచి 2007 వరకు బోర్డుకి దక్కిన పన్ను మినహాయింపులే 2,168 కోట్లు. మాఫీ చేసిన పన్ను ప్రజల డబ్బు కాకపోతే మరెవరిది?

బోర్డు కోర్టుకెళ్లింది. ఆచార్యులు గారి ఆదేశం అమలు కాలేదు. 2025లో జాతీయ క్రీడా పాలన చట్టం వచ్చింది. మొదట పెట్టిన బిల్లులో గుర్తింపు పొందిన క్రీడా సంస్థలన్నీ ఆర్టీఐ కిందికి వస్తాయని ఉంది. పాసయ్యేలోగా ఆ వాక్యాన్ని మార్చారు, ప్రభుత్వ గ్రాంటు తీసుకునేవాటికే అని. ఆ ఒక్క సవరణతో బీసీసీఐ తప్పించుకుంది. 2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ ప్రసార హక్కుల్ని 48,390 కోట్లకు అమ్ముకున్న సంస్థ పౌరుడి ప్రశ్నకి జవాబివ్వక్కర్లేదు. ఏదో చిన్న ఆట ఫెడరేషన్ కొద్దిపాటి గ్రాంటు తీసుకుంటే మాత్రం ప్రతి రూపాయికీ లెక్క చెప్పాలి. ఇది నాకు మింగుడు పడదు.

[తెర మీద: బెంగళూరు, 4 జూన్ 2025. సంగీతం ఆపాలి]

సమాచారం సరిగ్గా ఇవ్వకపోతే ఏమవుతుందో 2025 జూన్ 4న బెంగళూరులో చూశాం. ముందురోజే ఆర్సీబీ మొదటిసారి కప్పు గెలిచింది. కర్ణాటక ప్రభుత్వం హైకోర్టుకిచ్చిన నివేదిక ప్రకారం, పోలీసుల అనుమతి లేకుండానే ఆర్సీబీ పొద్దున 7 గంటలకి ఊరేగింపు ఉందని, అందరూ రమ్మని పోస్టు పెట్టింది. లోపలికి వెళ్లాలంటే ఉచిత పాసులు కావాలన్న పోస్టు వచ్చింది మధ్యాహ్నం మూడు దాటాక. అప్పటికే లక్షల మంది రోడ్ల మీద ఉన్నారు. స్టేడియంలో పట్టేది 35 వేల మంది. గేట్ల దగ్గర 11 మంది చనిపోయారు. పోలీసుల వైఫల్యం ఎంత, నిర్వాహకులది ఎంత అన్నది వేరే విచారణ. అనుమతి ఉందా లేదా, పాసు కావాలా వద్దా, సీట్లెన్ని, ఈ మూడు ముక్కలూ పొద్దున్నే చెప్పడం మాత్రం జట్టు చేతిలో ఉన్న పని.

మరి ఇప్పుడు మనమేం చేయొచ్చు? బోర్డుని ఆర్టీఐ కింద అడగలేం, నిజమే. కానీ మ్యాచ్ జరగాలంటే పోలీసులు కావాలి, ఫైర్ సర్వీస్ కావాలి, మున్సిపాలిటీ కావాలి. ఇవన్నీ ఆర్టీఐ కిందే ఉన్నాయి. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు. ఉప్పల్‌లోనో విశాఖలోనో మ్యాచ్ అయ్యాక స్థానిక పోలీసు కమిషనరేట్‌కి దరఖాస్తు పెట్టండి. ఎంతమందికి అనుమతిచ్చారు? ఏ షరతులు పెట్టారు? బందోబస్తుకి ఎంత కట్టమన్నారు, ఎంత కట్టారు? ఫైర్ శాఖని ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం కాపీ అడగండి. దరఖాస్తు నమూనా తెలుగులో రాసి ఈ వీడియో కింద పెట్టాను. మీ ఊరి స్టేడియం పేరు, మ్యాచ్ తేదీ మార్చుకుంటే చాలు. వచ్చిన జవాబులు నాకు పంపితే, వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి తర్వాతి వీడియో చేస్తాను.