రేడియేటర్ మార్చినా జీపు కాగుతానే ఉంది

హోస్ట్: అందరికీ నమస్తే. ఈసారి నెల్లూరు ఆటోనగర్‌లో షెడ్డులోనే మైకు పెట్టేశాం, మధ్యలో సుత్తి దెబ్బలు, గ్రైండర్ మోత వినిపిస్తే ఏమనుకోబాకండి. మనతో ఉన్నది పాత జీపులూ జిప్సీలూ చూసే మెకానిక్ అన్న. పేరు చెప్పొద్దన్నాడు, ఇప్పటికే ఫోన్లు ఎక్కువైపోయినాయంట. అన్నా, డైరెక్ట్‌గా మేటర్‌లోకి పోదాం. ఉదయగిరి వైపు నుంచి ఒకాయన వాయిస్ మెసేజ్ పెట్టాడు. బండి మహీంద్రా ఎంఎం 540 జీపు, అదే 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజన్ ఉండేది. కొండ దారుల్లో తిప్పుతాడంట. హీటెక్కుతోందని రేడియేటర్ కొత్తది వేశాడు, వాటర్ పంపు కొత్తది వేశాడు, కూలెంట్ పోశాడు, అయినా టెంపరేచర్ మీటర్ ముల్లు ఎర్రగీత దాకా పోతా ఉంది. ఇంకేం మార్చాలన్నా అని అడుగుతున్నాడు.

అన్న: ఇంక ఏమీ మార్చబాక అని చెప్పు ఫస్టు. డబ్బులు ఎక్కువైతే నాకియ్యమను (నవ్వు). కాదబయా, అందరూ ఏం మార్చాలని అడుగుతారు గానీ ఎప్పుడు కాగతా ఉందో ఒక్కరూ చెప్పరు. సిగ్నల్ దగ్గర ఊరికే నిలబెడితే కాగతా ఉందా, హైవే మీద 80లో పోతుంటే కాగతా ఉందా, లేకుంటే ఇసకలో ఫోర్ లో, అదే నాలుగు చక్రాలూ లాగే చిన్న గేరు, వేసి పోతుంటేనా, లేదా పొద్దున స్టార్ట్ చేసిన కాసేపటికేనా, ఈ నాలుగూ నాలుగు వేరే జబ్బులు. మెకానిక్‌కి సగం పని ఆ మాటలోనే అయిపోద్ది.

హోస్ట్: ఒక్కోటి చెప్పన్నా మరి.

అన్న: నిలబడినప్పుడూ, మెల్లగా పోయేటప్పుడూ కాగి, హైవే ఎక్కితే ముల్లు దిగిపోతా ఉంటే అది గాలి ప్రాబ్లమ్. స్పీడులో గాలి దానంతటదే రేడియేటర్‌లోకి దూరద్ది, నిలబడితే మొత్తం ఫ్యానే లాగాల, అంటే ఫ్యాను, బెల్టు, ష్రౌడు చూడాల. అదే ఊళ్ళో బాగానే ఉండి హైవే మీదో ఘాట్ మీదో కాగతా ఉంటే నీళ్ళు సరిగ్గా తిరగడం లేదు, లేదా రేడియేటర్ లోపల మూసుకుపోయింది. స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే రేడియేటర్ పైన పైపు రాయి మాదిరి బిగుసుకుంటే హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ బ్లాక్‌కీ పైన హెడ్‌కీ మధ్య ఉండే సీలు, పోయినట్టు, ఇంక ఫ్యాను మీద టైమ్ వేస్ట్ చేసుకోబాకండి.

హోస్ట్: మన మైపాడు బీచ్‌లో ఇసకలో ఫోర్ లో వేసి ఆడిస్తారు కదా, ఆ బళ్ళు అన్నీ కాగుతాయి.

అన్న: కాగకేం చేస్తాయి, ఇంజన్ ఫుల్ లోడు మీద అరస్తా ఉంటది, బండేమో మనిషి నడిచే స్పీడులో పోతా ఉంటది, గాలి అనేదే ఉండదు. పాత బండికి అదే అసలు పరీక్ష. రోడ్డు మీద ఏళ్ళ తరబడి బయటపడని జబ్బు ఇసకలో పది నిమిషాల్లో బయటపడద్ది. ఇంకోటి, అక్కణ్ణించి వచ్చినాక రేడియేటర్‌ని మంచినీళ్ళతో కడగరు ఎవరూ. ఉప్పుగాలికి ఫిన్స్, అదే రేడియేటర్ ట్యూబుల మధ్య పల్చటి రేకులు, పొడిపొడిగా రాలిపోతాయి, చేత్తో తాకితే ఊడొస్తాయి.

హోస్ట్: సరే, ముల్లు కాగిందని చెప్తే నిజంగా కాగినట్టేనా?

అన్న: ఆ మాట అడిగినావు, బాగుంది. మీటర్ వైరింగ్‌కి ఎర్త్ సరిగ్గా లేకపోతే ముల్లు ఇష్టమొచ్చినట్టు చూపిస్తది, లైట్లు వేస్తే పైకి లేస్తది కొన్నిట్లో. అందుకని నేను ఆ గన్ను ఉంటది గదా, టెంపరేచర్ గన్ను, దాంతో థర్మోస్టాట్, అదే ఇంజన్ వేడెక్కినాక రేడియేటర్‌కి నీళ్ళు వదిలే వాల్వు, దాని హౌసింగ్ మీద కొట్టి చూస్తా. మెరిసే అల్యూమినియం మీద కొడితే తక్కువ చూపిస్తది, నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొట్టాల. దీనికంటే డేంజర్ ఇంకోటుంది. నీళ్ళు మొత్తం కారిపోయినాయనుకో, సెన్సర్ నీళ్ళలో మునిగుండదు, ముల్లు కిందకి పడిపోద్ది. డ్రైవర్ చల్లబడిందిలే అని తొక్కతా పోతాడు, ఇంజన్ సీజ్. ఎక్కతా ఎక్కతా ఉన్న ముల్లు ఉన్నట్టుండి పడిపోయిందంటే సంతోషపడబాకండి, ఆపేయండి.

హోస్ట్: అమ్మో. గన్నుతో ఇంకేం చూస్తావు?

అన్న: రేడియేటర్ పైపైపు, కిందపైపు రెండూ కొడతా. రెండూ ఒకేలాగా మంటగా ఉంటే నీళ్ళు తిరగతా ఉండాయి, గాలి వేడిని తీసుకుపోవడం లేదు. పైన మంట, కింద బాగా చల్లగా ఉండి ఇంజన్ మాత్రం కాగతా ఉంటే నీళ్ళే తిరగడం లేదు. తర్వాత రేడియేటర్ మొహం మీద అడ్డంగా నిలువుగా గన్ను తిప్పుతా, ఏదైనా చోట చల్లగా చూపించిందంటే ఆ ట్యూబులు మూసుకున్నట్టే. ఇప్పుడు ఆ ఉదయగిరి ఆయనకి కొత్త రేడియేటర్ వేసినా ఈ పరీక్ష చెయ్యమను.

హోస్ట్: కొత్తది కూడా మూసుకుపోద్దా?

అన్న: నెల రోజుల్లో మూసుకుపోద్ది, చెప్తా విను. మన దగ్గర ఏం పోస్తారు బళ్ళలో, బోరు నీళ్ళు. కనిగిరి, పొదిలి, ఉదయగిరి, ఆ పక్కల బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లగా అంటుకుంటది చూడు, అదే ఇంజన్ బ్లాక్ లోపల, సిలిండర్ చుట్టూ నీళ్ళు తిరిగే దారిలో అంటుకుంటది. కనిగిరి నీళ్ళంటే ఫ్లోరైడ్ అంటారు అందరూ, అది పళ్ళకీ ఎముకలకీ, బండికి పొర కట్టేది కాల్షియం, మెగ్నీషియం. దానికి తోడు తుప్పు. ఇరవై ముప్ఫై ఏళ్ళ మడ్డి బ్లాక్‌లో అట్టే ఉంచి కొత్త రేడియేటర్ బిగిస్తే, కొత్త పంపు గట్టిగా తోస్తది గదా, ఆ మడ్డి అంతా కదిలొచ్చి కొత్త ట్యూబుల్లో కూర్చుంటది. రేడియేటర్ మంచిది కాదని ఆ షాపాయన్ని తిడతారు పాపం.

హోస్ట్: అంటే రేడియేటర్ వేసే ముందు బ్లాక్ కడగాలి.

అన్న: అంతే గదా. బ్లాక్ పక్కన డ్రెయిన్ ప్లగ్ ఉంటది, తీస్తే చుక్క కూడా రాదు చాలా బళ్ళలో, అంతలా గడ్డకట్టి ఉంటది, తీగ పెట్టి పొడిస్తే అప్పుడు ఎర్రగా బురద వస్తది. థర్మోస్టాట్ తీసేసి, పైనుంచి పైపు పెట్టి వెనక్కి తోలాల నీళ్ళు, మామూలుగా తిరిగే దారికి ఎదురు. ఇంకా పొర ఉంటే నిమ్మఉప్పు నీళ్ళు పోసి కాసేపు ఇంజన్ నడిపి వదిలేసి తర్వాత బాగా కడిగేయాల, నీళ్ళు తేటగా వచ్చేదాకా. ఒకాయనైతే గూడూరు నుంచి నిమ్మకాయలు తెప్పిస్తా అన్నాడు, నాయనా పచ్చడి పెట్టుకో, షాపులో పొడి దొరకద్ది అన్నా (నవ్వు). అల్యూమినియం హెడ్ ఉండే జిప్సీ లాంటి వాటికి ఎక్కువసేపు ఉంచబాకండి, కడగడం మాత్రం బాగా కడగాల.

హోస్ట్: తర్వాత ఏం పొయ్యాలి? కూలెంట్ చిక్కగా పోస్తే బాగా చల్లబడద్ది అంటారు.

అన్న: తప్పు. కూలెంట్‌కంటే నీళ్ళే వేడిని ఎక్కువ మోస్తాయి. కూలెంట్ ఎందుకంటే తుప్పు పట్టకుండా, మరిగే డిగ్రీ పెంచడానికి. సగం సగం కలిపితే చాలు మన ఎండలకి, మంచు కురిసే ఊరు కాదుగదా మనది, అచ్చంగా కూలెంట్ పోస్తే ఇంకా కాగద్ది. డబ్బా మీద రెడీమిక్స్ అని ఉంటే అట్టే పొయ్యాల, కాన్సంట్రేట్ అని ఉంటే డిస్టిల్డ్ వాటర్ కలపాల. బ్యాటరీ వాటర్ అని షాపులో అడిగితే నీళ్ళే ఇచ్చినాడా, యాసిడ్ ఇచ్చినాడా లేబుల్ చూసుకోండి, దండం పెడతా.

హోస్ట్: అన్నా, ఇందాక ష్రౌడు అన్నావు. అదేంటో చాలామందికి తెలియదు.

అన్న: ఫ్యాను చుట్టూ రేకు డబ్బా ఉంటది చూడు రేడియేటర్ వెనకాల, అది. నా దగ్గరికొచ్చే కాగే జీపుల్లో అది లేనివే ఎక్కువ. లోకల్ రేడియేటర్ వేసేటప్పుడు బోల్టులు కుదరవు, ఏముందిలే రేకే గదా అని పక్కన పడేస్తారు, కొన్నాళ్ళకి పాత ఇనప సామాన్లోడు తీసుకుపోతాడు. అది లేకపోతే ఫ్యాను ఏం చేస్తదంటే రేడియేటర్‌లోంచి లాగడం కష్టం, పక్కనించి లాగడం ఈజీ, బానెట్ కింద ఉన్న వేడి గాలినే లాగి మళ్ళీ ఇంజన్ మీదకి కొడతా ఉంటది. ఫ్యాను గిర్రున తిరగతానే ఉంటది, చూసేవాడికి అంతా బాగానే ఉన్నట్టు ఉంటది. ఫ్యాను రెక్క ష్రౌడులో సుమారు సగం లోపలికి, సగం బయటికి ఉండాల. ఫ్యాను రెక్కలు తిరగేసి బిగించినవి కూడా చూసినా నేను.

హోస్ట్: తిరగేస్తే గాలి ముందుకి కొడుతుందా?

అన్న: బెల్టు ఫ్యాను తిరగేసినా గాలి అటే పోద్ది గానీ వంపు ఎదురుగా ఉంటది కాబట్టి లాగుడు తగ్గిపోద్ది. కరెంట్ ఫ్యాను పెట్టించుకున్నోళ్ళకి మాత్రం వైర్లు తారుమారైతే నిజంగానే ఎదురు కొడద్ది, రోడ్డు గాలికి అడ్డం పడద్ది, హైవేలో కాగద్ది. గ్రిల్ దగ్గర ఒక కాగితం పెట్టి చూడండి, లోపలికి అతుక్కోవాల. ఇంకా మనోళ్ళు గ్రిల్ ముందర నాలుగు పెద్ద లైట్లు, బుల్ బారు, నంబర్ ప్లేటు, ఏసీ పెట్టించుకుంటే దాని కండెన్సర్, ఇన్ని అడ్డం పెట్టి బండి కాగతా ఉంది అంటే నేనేం జెయ్యను.

హోస్ట్: (నవ్వు) థర్మోస్టాట్ సంగతి. మన ఎండలకి ఎందుకు, తీసి పారేయ్ అంటారు కదా చాలామంది.

అన్న: నాకు ఒళ్ళు మండేది అక్కడే. దాని మీద 82 అనో 88 అనో నంబర్ ఉంటది, ఆ డిగ్రీకి తెరుచుకోవడం మొదలుపెడద్ది. తీసేస్తే ఏమైతది, డీజిల్ ఇంజన్ ఎప్పుడూ చల్లగా నడస్తది, పొగ, అరుగుదల. అంతకంటే ముఖ్యం, కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకునేటప్పుడు బైపాస్ దారిని మూస్తది. నువ్వు దాన్ని పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటది, నీళ్ళు సగం రేడియేటర్‌కి పోకుండా ఇంజన్‌లోనే చుట్లు కొడతా ఉంటాయి. చల్లబడాలని తీసింది కాస్తా వేడి పెంచద్ది. అనుమానముంటే ఇంట్లో గిన్నెలో నీళ్ళు పెట్టి దారం కట్టి వేలాడదీసి థర్మామీటర్ పెట్టి చూడండి, మరిగేలోపల బాగా తెరుచుకోకపోతే కొత్తది వెయ్యండి, మహా అయితే కొన్ని వందలు.

హోస్ట్: రేడియేటర్ మూత?

అన్న: మూతే అబయా, అందరూ చీప్‌గా చూసేది అదే. కుక్కర్ వెయిట్ లాంటిది అది. దాని మీద 0.9 అని ఉంటే అంత ప్రెషర్ పట్టుకుంటది, అప్పుడు ఉత్త నీళ్ళు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు ఎండిపోయిన మూత అయితే 100కే తుకతుకా ఉడికి బయటికి తోసేస్తది. అట్టని నంబర్ పెద్దది వేస్తే ఇంకా మంచిది గదా అని పాత రేడియేటర్‌కి వేస్తే టంకం ఊడి పగులుద్ది. కంపెనీ ఏది చెప్తే అదే వెయ్యాల.

హోస్ట్: కింద పైపు గురించి ఏదో అన్నావు ఫోన్‌లో.

అన్న: ఆ, కింద పైపు లోపల స్ప్రింగు ఉండాల కొన్నిటికి. అది లేకుండా మెత్తబడిన పైపు ఉంటే, నిలబడినప్పుడు బాగానే ఉంటది, రేసు పెంచితే పంపు లాగుడికి పైపు అతుక్కుపోద్ది, నీళ్ళు ఆగిపోతాయి. బానెట్ ఎత్తి ఒకరు రేసు ఇస్తా ఉంటే ఇంకొకరు చూడాల, చేతులు ఫ్యానుకి దూరంగా. బ్రేకులు పట్టేసి ఉన్నా, డీజిల్ టైమింగ్ వెనకున్నా, నల్లపొగ తోలతా ఉన్నా కూడా కాగద్ది, అవి ఇంకో రోజు మాట్లాడుకుందాం.

హోస్ట్: గాస్కెట్ పోయిందని ఎట్టా కనుక్కోవాలి?

అన్న: ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, నిండా నీళ్ళు పోసి స్టార్ట్ చెయ్యండి. మొదట్లో రెండు మూడు బుడగలు వస్తాయి, అది లోపల చిక్కుకున్న గాలి, ముందు చక్రాలు ఎత్తులో పెట్టి నడిపితే పోద్ది. రేసు ఇచ్చేకొద్దీ ఆగకుండా వస్తా ఉంటే అది సిలిండర్ గాలి, గాస్కెట్టో హెడ్ క్రాకో. ఆయిల్ డిప్ స్టిక్ మీద మజ్జిగ రంగు ఉన్నా అంతే. హెడ్ దింపినాక ఫేసింగ్, అంటే దాని అడుగు సమంగా ఉందో లేదో, చూపించకుండా కొత్త గాస్కెట్ వేసి మూసేస్తే మళ్ళీ దింపాల్సిందే.

హోస్ట్: లాస్ట్. రోహిణి కార్తెలో దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్నారు, ముల్లు పైకి పోతోంది. ఏం చెయ్యాలి?

అన్న: పెద్ద గేరులో కింది రేసు మీద గుంజబాకండి, ఒక గేరు దించండి, ఫ్యానూ పంపూ రెండూ స్పీడు పెరుగుతాయి. ఏసీ ఉంటే ఆపేయండి, హీటర్ ఉంటే ఫుల్‌గా పెట్టండి, చెమటలు కారినా సరే. అయినా పోతా ఉంటే నీడ చూసి ఆపండి. నీళ్ళు ఉండాయి, ఆవిరి తన్నడం లేదు అంటే కాసేపు కొంచెం రేసు మీద నడవనీయండి. ఆవిరి తన్నిందంటే వెంటనే ఆఫ్. మూత మాత్రం తెరవబాకండి, గుడ్డ పెట్టి కూడా తెరవబాకండి, మొహం కాలిపోయినోళ్ళని చూసినా నేను. అరగంట పైనే ఆగి, పైపు చేత్తో నొక్కితే మెత్తగా ఉన్నప్పుడు తీసి మెల్లమెల్లగా పొయ్యండి. కాగిన బ్లాక్‌లో చల్లనీళ్ళు ఒక్కసారి పోస్తే క్రాక్.

హోస్ట్: ఉదయగిరి ఆయన్ని రమ్మంటావా మరి?

అన్న: రమ్మను. ముందు ష్రౌడు యాడుందో వెతుక్కోమను, ఇంకా ఇనప సామాన్లోడికి ఇచ్చేసి ఉండకపోతే. సాయంత్రం వచ్చి బండి ఈడ పెట్టి పొమ్మను, బుడగల టెస్టు పొద్దున్నే చల్లటి ఇంజన్ మీదే చెయ్యాల.