పొట్ట కోసి చూశాకే మందు మాట

అందరికీ నమస్కారం. లేయర్ కోళ్లలో, అంటే గుడ్ల కోసం పెంచే కోళ్లలో, గుడ్డు తయారయ్యే అవయవాలకు వచ్చే జబ్బుల గురించి మాట్లాడమన్నారు. ఈ జబ్బుల్లో చాలావాటిని బయట నుంచి చూసి పోల్చుకోలేం. అన్నిటికీ రైతు చెప్పేది ఒకే మాట: "డాక్టర్ గారూ, ప్రొడక్షన్ పడిపోయింది, ఏం మందు వెయ్యమంటారు?" నా జవాబూ ఎప్పుడూ ఒకటే. చచ్చిన కోళ్లను ఏం చేశారు?

కోడికి ఎడమ వైపు అండాశయం, ఎడమ వైపు అండవాహిక (గుడ్డు తయారై బయటికి వచ్చే గొట్టం) మాత్రమే పూర్తిగా ఎదుగుతాయి. కుడి వైపువి గుడ్డులో పిండంగా ఉన్నప్పుడే ఎదుగుదల ఆగిపోతాయి. కొన్ని కోళ్లలో ఆ కుడి వైపు మిగిలిన ముక్క నీళ్లు నిండిన తిత్తిలా కనిపిస్తుంది. చిన్నదైతే దాన్ని చూసి కంగారు పడకండి. బాగా పెద్దదైతేనే పక్కనున్న అవయవాలను నొక్కుతుంది.

గుడ్లు పెట్టే కోడిలో అండవాహిక సుమారు 60 నుంచి 70 సెంటీమీటర్ల పొడవుంటుంది. పైన గరాటు లాంటి భాగం పచ్చసొనను అందుకుంటుంది. అక్కడ పావుగంట నుంచి అరగంట. తర్వాత తెల్లసొన చేరడానికి 3 గంటలు, పెంకు కింద పొరలకు గంటకు పైగా, చివర పెంకు కట్టడానికి 20 గంటల దాకా పడుతుంది. ఈ దారిలో తేడా ఎక్కడ వచ్చిందో చాలాసార్లు గుడ్డే చెబుతుంది. తెల్లసొన నీళ్లలా ఉంటే తెల్లసొన తయారయ్యే భాగాన్ని, తోలుగుడ్లు, అంటే గట్టి పెంకు లేని మెత్తటి గుడ్లు, వస్తుంటే పెంకు కట్టే భాగాన్ని ముందు అనుమానించండి. మేతలో కాల్షియం తగ్గినా, ఎండలు ముదిరినా పెంకు పల్చబడుతుంది కాబట్టి ఆ రెండూ కూడా చూసుకోవాలి.

పొట్ట కోసినప్పుడు మనకు ఎక్కువగా కనిపించేది పెరిటోనైటిస్, అంటే పొట్ట లోపలి పొరకు వచ్చే వాపు. పచ్చసొన గరాటులో పడకుండా పొట్టలో పడుతుంది. అప్పుడప్పుడూ ఒకటి అలా పడితే కోడి దాన్ని పీల్చేసుకుంటుంది. దానికి ఈకోలై తోడైతేనే ప్రమాదం. ఈ క్రిమి వెనక ద్వారం నుంచి పైకి పాకుతుంది, లేదా గాలితిత్తుల నుంచి అండవాహికకు అంటుకుంటుంది. అందుకే షెడ్డులో అమ్మోనియా ఘాటు, దుమ్ము ఎక్కువైతే ఊపిరి జబ్బులే కాదు, గుడ్డు జబ్బులూ వస్తాయి. కోసి చూస్తే ఉడికిన పచ్చసొన లాంటి ముద్దలు, పేగులకు అంటుకున్న పొరలు, కొన్నిసార్లు అండవాహిక నిండా జున్నులా గట్టిపడ్డ చీము ఉంటాయి. ఆ ముద్దలోకి నీళ్లలో కలిపిన యాంటీబయాటిక్ ఏం చొరబడుతుంది చెప్పండి? ఆ కోడి మళ్లీ గుడ్డు పెట్టదు. పైగా మిగతా కోళ్ల గుడ్లలోకి మందు అవశేషాలు వస్తాయి. ఆ డబ్బుతో నీటి పైపులు కడిగించుకోవడం మేలని నా అభిప్రాయం. మందుల కంపెనీ వాళ్లకు నా మీద కోపం రావచ్చు, రానివ్వండి.

ఇక నా సొంత పొరపాటు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బ్యాచ్ చూశాను. కోళ్లు నిగనిగలాడుతున్నాయి, తురాయిలు ఎర్రగా ఉన్నాయి, మేత బాగా తింటున్నాయి. గుడ్లు మాత్రం పీక్‌కు, అంటే పెట్టాల్సిన గరిష్ఠ సంఖ్యకు, చేరలేదు. మేత మీద అనుమానంతో మేత మార్పించాను, విటమిన్లు రాశాను. వారాలు గడిచాయి, తేడా లేదు. కొన్ని కోళ్లు పొట్ట వేలాడేసుకుని పెంగ్విన్‌లా నిటారుగా నిలబడటం మొదలయ్యాక గానీ ఒకదాన్ని కోసి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. అండాశయం బ్రహ్మాండంగా ఉంది, పచ్చసొనలు వరసగా ఉన్నాయి. అండవాహిక మాత్రం నీళ్లు నిండిన బుడగ! ఆ పిల్లలకు మొదటి రెండు వారాల్లోనే ఐబీ (ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే ఊపిరి జబ్బు) వైరస్ తగిలింది. ఆ వయసులో కొన్ని రకాల ఐబీ అండవాహికను శాశ్వతంగా పాడుచేస్తుంది. పిల్లప్పుడు నాలుగు రోజులు తుమ్మాయి, తగ్గిపోయిందనుకున్నారు. వీటినే దొంగ లేయర్లు అంటారు. ముందే కోసి ఉంటే అన్ని వారాల మేత మిగిలేది. ఇలాంటి కోళ్లను ఏరేయడమే తప్ప మందు లేదు.

పెద్ద కోళ్లకు ఐబీ వస్తే ముడతల పెంకు, పల్చటి తెల్లసొన కనిపిస్తాయి. ఈడీఎస్ (ఎగ్ డ్రాప్ సిండ్రోమ్) వేరు. 1976లో గుర్తించిన ఈ వైరస్ పెంకు కట్టే భాగంలో పెరుగుతుంది. కోళ్లు హుషారుగానే ఉంటాయి, గుడ్ల పెంకు మాత్రం పల్చబడి, తోలుగుడ్లు వస్తాయి. గోధుమ రంగు గుడ్లయితే ముందు రంగు వెలిసిపోతుంది. గుడ్లకు రాకముందే వేసే టీకాతో దీన్ని బాగా ఆపవచ్చు. రాణీఖేత్, మైకోప్లాస్మా అనే జబ్బులు కూడా గుడ్లు తగ్గిస్తాయి. వయసు మళ్లిన కోళ్లలో కంతులు సహజం, వాటి మీద సమయం పెట్టను.

వెనక భాగం బయటికి రావడం, అంటే ప్రొలాప్స్, చాలావరకు మన తొందర వల్లే. పుల్లెట్, అంటే ఇంకా గుడ్లకు రాని పడుచు కోడి, సరైన బరువుకు రాకముందే గుడ్లు త్వరగా రావాలని లైటు పెంచితే ఇరుకు దారిలో పెద్ద గుడ్డు, ఒక్కోసారి రెండు సొనల గుడ్డు వస్తుంది. గుడ్డు పెట్టేటప్పుడు లోపలి భాగం కాసేపు బయటికి రావడం మామూలే. కొవ్వు పట్టిన కోడిలో అది వెంటనే లోపలికి పోదు. ఎర్రగా కనిపించగానే పక్క కోళ్లు పొడుస్తాయి, పేగులు కూడా లాగేస్తాయి. పొట్ట ఖాళీగా, వెనక నెత్తురుతో చచ్చిన కోడి కనిపిస్తే అదే. అప్పుడు లైటు వెలుగు తగ్గించండి, బరువుల రిజిస్టరు తీసి చూడండి.

ఒక జాగ్రత్త. ఒక్కసారిగా పదుల సంఖ్యలో కోళ్లు చస్తే మీరు కత్తి పట్టకండి. బర్డ్‌ఫ్లూ కావచ్చు. ముట్టుకోకుండా పశువైద్యుడికి కబురు పెట్టండి.

బయట బల్ల మీద ఐదు కోళ్లు పెట్టించాను, ఐదూ వేర్వేరు బ్యాచ్‌లవి. తొడుగులు, మాస్కులు అక్కడే ఉన్నాయి. ముందు వరసలో వాళ్లు రండి, మొదటి కోత మీలో ఒకరే పెట్టాలి.