డ్రాప్ సి కి ఎంత లావు తీగ?

వ్యాఖ్యాత: ఉప్పల్ నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండి.

శ్రోత: నమస్తే మేడమ్, నమస్తే అన్నా. మా బ్యాండ్ ఇప్పుడు అన్నీ డ్రాప్ సి లోనే, అంటే అన్నిటికంటే లావు తీగను సి స్వరం దాకా దించి వాయిస్తోంది. నా గిటార్‌కు 10-46 సెట్ ఉంది, అంటే సన్న తీగ అంగుళంలో వెయ్యింట 10 వంతులు, లావు తీగ 46. ట్యూనింగ్ దించితే లావు తీగ వేలాడుతోంది, గట్టిగా కొడితే శ్రుతి తప్పుతోంది.

నిపుణుడు: శ్రుతి తప్పకుండా ఎట్లుంటది తమ్ముడూ? మామూలు ట్యూనింగ్‌లో ఆ తీగ 82 హెర్ట్జ్, సి అంటే 65. ఇరవై ఐదున్నర అంగుళాల స్కేల్ (మోగే తీగ పొడవు) మీద 46 తీగకు దాదాపు 8 కిలోల టెన్షన్ ఉంటుంది. సి కి దించగానే 5 కిలోలకు పడిపోతుంది. అంత వదులు తీగను గట్టిగా మీటితే శ్రుతి ముందు పైకెక్కి తర్వాత దిగుతుంది. డిస్టార్షన్ పెడితే బురద బురదగా వినిపిస్తుంది.

శ్రోత: ఫ్రెండ్స్ 12-60 వేయమంటున్నారన్నా.

నిపుణుడు: వద్దు. సి కి 56 చాలు, టెన్షన్ మళ్లీ ఏడున్నర కిలోల దాకా వస్తుంది. నీ చెయ్యి అలవాటుపడింది దానికే. లీడ్ కూడా నువ్వేనా?

శ్రోత: అవునన్నా, సోలోలు నావే.

నిపుణుడు: అయితే 11-56 సెట్ తీసుకో, డి'అడారియో కంపెనీ తీగల్లో ఉంది. డ్రాప్ సి లో మిగతా ఐదు తీగలూ ఒక్క స్వరమే దిగుతాయి, వాటికి మరీ లావు ఎందుకు? బరువైన సౌండ్ అంటే లావు తీగ అనుకుంటారు చాలామంది. లావు పెరిగేకొద్దీ తీగ బిరుసెక్కుతుంది, పైఫ్రెట్లలో ఇంటొనేషన్, అంటే ఫ్రెట్ ఫ్రెట్‌కూ శ్రుతి సరిగ్గా పలకడం, కుదరదు. బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్ట్ టోనీ అయోమీ వేళ్ల కొసలు ఫ్యాక్టరీ ప్రమాదంలో పోయాయి. నొప్పి తగ్గాలని సన్నటి తీగలే వాడాడు, 1971 నాటికి సి షార్ప్ దాకా దించాడు. ఆయనకు ఆ వదులే కావాలి. నీకు వేగంగా పామ్ మ్యూట్ చేయాలి, అంటే అరచెయ్యి అంచు తీగలకు ఆనించి కొట్టాలి కాబట్టి బిగువు కావాలి.

ఇంకో ముఖ్యమైన మాట. 46 కోసం కోసిన నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడిలో 56 దిగదు, పైనే కూర్చుంటుంది. మొదటి ఫ్రెట్ల దగ్గర శ్రుతి ఎక్కువొస్తుంది, ట్యూన్ చేస్తుంటే టిక్ టిక్‌మని జారుతుంది. ఇంట్లో సాండ్‌పేపర్‌తో గీకొద్దు. నట్ ఫైళ్లున్న రిపేర్ మనిషి దగ్గర గాడి వెడల్పు చేయించు, లోతు పెంచనియ్యకు. లోతు ఎక్కువైతే ఖాళీ తీగ జర్రుమంటుంది, ఇక నట్ మార్చాల్సిందే. అక్కడే ఇంటొనేషన్ కూడా సరిచేయించు.

వ్యాఖ్యాత: ఇంకో కాల్, కూకట్‌పల్లి నుంచి.

శ్రోత: మా అమ్మాయి గిటార్‌కు ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి బాబూ, తీగలు బిగించే చోట ముందుకూ వెనక్కూ ఊగే రకం. అన్ని తీగలూ ఒక స్వరం దించి వాయిస్తుంది. 12-56 వేస్తే బ్రిడ్జి వెనక భాగం పైకి లేచింది.

నిపుణుడు: ఆ బ్రిడ్జిని ఒకవైపు తీగలు, ఇంకోవైపు వెనకున్న స్ప్రింగులు లాగుతుంటాయమ్మా. ముందు ఏ సెట్ ఉండేది?

శ్రోత: పది అంటోంది.

నిపుణుడు: ఒక్క స్వరమే దించేటప్పుడు 12 ఎక్కువమ్మా, అందుకే స్ప్రింగులు ఓడిపోయాయి. 11 సెట్ వేస్తే టెన్షన్ పాత పదికి దగ్గరగానే ఉంటుంది, స్ప్రింగ్ స్క్రూలు పెద్దగా ముట్టుకోనక్కర్లేదు. అన్నీ ఒకేసారి విప్పొద్దనండి. ఒక తీగ తీసి, కొత్తది వేసి, ట్యూన్ చేశాకే రెండోది.

శ్రోత: సరే బాబూ, పక్కనే ఉంది, వింటోంది.