కింది అంతస్తులో ఇంటి యజమాని ఉంటే డ్రమ్ సెట్ కొనవచ్చా?

(విశాఖపట్నంలో ఆదివారం ఉదయం జరిగిన ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి)

నిర్వాహకురాలు: శ్రోతలందరికీ నమస్కారం. ఆఫీసు అయ్యాక నలుగురూ చేరి పాడుకునేవారు, కాలనీలో వినాయక చవితి పందిట్లో పాడేవారు మన ఊళ్లో చాలామందే ఉన్నారు. అలాంటి బృందాలు తాళవాద్యం ఏది కొనుక్కోవాలి, ట్రాకులు, అంటే ముందే రికార్డు చేసిన వాద్య సంగీతం, ఎలా వాడుకోవాలి అన్నది ఈ రోజు విషయం. ముప్ఫయ్యేళ్లుగా ఆర్కెస్ట్రాలలో డ్రమ్ములు, ఎలక్ట్రానిక్ తాళవాద్యమైన ప్యాడ్ వాయిస్తున్న మాస్టారు మనతో ఉన్నారు. మొదటి ఫోను మల్కాపురం నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్కారం మాస్టారూ. మేము అయిదుగురం. ఒకరు గిటారు, ఒకరు కీబోర్డు, ఇద్దరం పాడతాం. ఇంకొకతను చిన్నప్పుడు నాలుగేళ్లు తబలా నేర్చుకున్నాడు. తలా ఎనిమిది వేలు వేసుకుంటే నలభై వేలు పోగయ్యాయి. డ్రమ్ సెట్ కొందామని అనుకుంటున్నాం.

మాస్టారు: సాధన ఎక్కడ చేస్తారు?

శ్రోత: మా ఇంట్లోనే అండి. మూడో అంతస్తు.

మాస్టారు: కింద ఎవరుంటారు?

శ్రోత: ఇంటి యజమాని.

మాస్టారు: (నవ్వు) అయితే డ్రమ్ సెట్‌తో పాటు అద్దెకు మరో ఇల్లు కూడా చూసుకోండి. డ్రమ్ములకు చప్పుడు తగ్గించే మీట ఉండదు బాబూ. చిన్న గదిలో స్నేర్, అదే చురుగ్గా మోగే ఆ చిన్న డ్రమ్ము, గట్టిగా కొడితే గిటారు వినపడదు. గిటారు పెంచుతారు. అప్పుడు పాడేవారు అరుస్తారు. పైగా పెద్ద స్టేజి మీదైతే దానికి నాలుగైదు మైకులు కావాలి, మోసుకెళ్లడానికి ఆటో కావాలి. మీ తబలా స్నేహితుడికి కహోన్ కొనిపెట్టండి.

శ్రోత: ఆ చెక్క పెట్టేనా?

మాస్టారు: అదే. పెరూ దేశపు వాద్యం, స్పానిష్‌లో ఆ మాటకు అర్థం కూడా పెట్టే. దాని మీదే కూర్చుని కాళ్ల మధ్యనున్న ముందు పలకను వాయిస్తారు. పలక మధ్యలో అరచేతితో కొడితే గుమ్మంటుంది. పై అంచున వేళ్లతో తడితే చురుగ్గా పలుకుతుంది, ఎందుకంటే చాలా రకాల్లో లోపల పలకకు ఆనుకుని తీగలుంటాయి. డగ్గాకూ కుడి తబలాకూ తేడా తెలిసిన చెయ్యి దాన్ని తొందరగానే పట్టుకుంటుంది. అయిదారు వేల నుంచి దొరుకుతాయి. దుకాణంలో చూసి తెచ్చుకోకండి, కూర్చుని ఓ పది నిమిషాలు వాయించండి. గుమ్మనే చోటుకూ అంచుకూ తేడా స్పష్టంగా వినపడకపోతే అక్కడే వదిలేయండి.

శ్రోత: మైకు ఎక్కడ పెట్టాలండి?

మాస్టారు: వెనక గుండ్రటి రంధ్రం ఉంటుంది. అందరూ మైకు తీసుకెళ్లి అందులో పెడతారు, ఇక గుమ్మనే మోత తప్ప ఏమీ రాదు. రెండు మైకులుంటే ఒకటి వెనక, ఒకటి ముందు. ఒక్కటే ఉంటే ముందే, పలకకు జానెడు దూరంలో. ఇంకో మాట, మనది సముద్రపు గాలి. పెట్టెను బాల్కనీలో వదిలేస్తే ప్లైవుడ్ ఉబ్బుతుంది, లోపలి తీగలు తుప్పుపడతాయి. సంచీలో వేసి గదిలో పెట్టండి. మిగిలిన డబ్బు స్పీకరుకు, మైకుల శబ్దాలన్నీ కలిపే మిక్సరుకు దాచుకోండి.

శ్రోత: సినిమా పాటలకు డ్రమ్ములు లేకపోతే వెలితిగా ఉండదా?

మాస్టారు: ఆ వెలితి ట్రాకుతో నింపుకోవచ్చు. అయితే ట్రాకులో వయొలిన్లు, బేస్ ఉంచండి, డ్రమ్ములు మాత్రం తీసేయండి. అందులోనూ డ్రమ్ములు, ఎదురుగా మీ కహోన్ అంటే ఇద్దరు ఒకే కుర్చీలో కూర్చున్నట్టు. మీవాడు వెంట్రుకవాసి వెనకబడినా ప్రేక్షకుడికి రెండు దెబ్బలు వినపడతాయి.

నిర్వాహకురాలు: తరువాతి ఫోను పెదవాల్తేరు నుంచి.

శ్రోత: నమస్తే సర్. నేను డిగ్రీ చదువుతున్నాను. మొన్న కాలేజీ వార్షికోత్సవంలో ఫోను నుంచి ట్రాకు పెట్టి పాడాం. చరణం మధ్యలో మా అమ్మ ఫోను చేసింది. రింగుటోను మొత్తం హాలంతా వినపడింది.

మాస్టారు: (నవ్వు) పాట ఆగిందా?

శ్రోత: ట్రాకు ఆగింది సర్. మా డ్రమ్ములు వాయించే అబ్బాయి మాత్రం ఆగలేదు.

మాస్టారు: అతన్ని వదులుకోకండి తల్లీ. ఇకమీదట ఫోనును విమానం గుర్తు మీద పెట్టి, వైఫై, బ్లూటూత్ కూడా ఆపేయండి. వీలైతే పాటలకు తప్ప దేనికీ వాడని పాత ఫోను ఒకటి పెట్టుకోండి. ఇప్పుడు అసలు సంగతి. ఆ అబ్బాయికి ట్రాకు ఎలా వినపడుతోంది?

శ్రోత: ముందున్న పెద్ద స్పీకర్ల నుంచే సర్.

మాస్టారు: అక్కడే చిక్కు. శబ్దం మీటరు దూరం రావడానికి దాదాపు మూడు మిల్లీసెకన్లు పడుతుంది. స్పీకరు పది మీటర్ల అవతల ఉంటే అతనికి ట్రాకు ముప్ఫై మిల్లీసెకన్లు ఆలస్యంగా అందుతుంది. దాన్ని అనుసరించి వాయిస్తాడు, మీకేమో అతను వెనక లాగుతున్నట్టు అనిపిస్తుంది. తప్పు అతనిది కాదు. ట్రాకు ఫైలును ఇలా చేయించండి: కుడి వైపు సంగీతం, ఎడమ వైపు క్లిక్, అంటే నడక చెప్పే టిక్ టిక్ శబ్దం, మాత్రమే. మొదట్లో ఎవరిదైనా గొంతుతో "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని రెండు సార్లు లెక్క రికార్డు చేసి క్లిక్ వైపే పెట్టండి. ఫోనుకు రెండుగా చీలే తీగ తగిలించి, కుడిది మిక్సరుకు, ఎడమది చిన్న హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ ద్వారా అతని చెవికి ఇవ్వండి. ప్రేక్షకులకు ఒక్క వైపు సంగీతమే వెళుతుంది కదా అని బాధపడకండి. హాలులో కుడి చివర కూర్చున్నవారికి ఎడమ స్పీకరు ఎలాగూ సరిగా వినపడదు.

శ్రోత: అతనికి బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు ఉన్నాయి సర్, అవి సరిపోతాయా?

మాస్టారు: సరిపోవు. లెక్క చూడండి. నిమిషానికి 120 దెబ్బల నడక అంటే దెబ్బకు అర సెకను. అందులో నాలుగో వంతు 125 మిల్లీసెకన్లు. బ్లూటూత్ చాలాసార్లు అంత ఆలస్యమూ చేస్తుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. తకధిమిలో ఒక అక్షరం తినేసినట్టే. తీగ ఉన్నదే వాడమనండి. క్లిక్‌తో వాయించడం మొదట్లో అతనికి నచ్చదు, తిట్టుకుంటాడు. రెండు వారాలు తిట్టుకోనివ్వండి.

నిర్వాహకురాలు: ఉక్కునగరం నుంచి ఒక పెద్దాయన లైనులో ఉన్నారు.

శ్రోత: నమస్కారం. మాది భజన బృందం. హార్మోనియం, మృదంగం ఉన్నాయి. మా మనవడు ఇంటర్నెట్‌లో ట్రాకులు దించి ఇచ్చాడు. వాటితో పాడితే ఏదో ఇబ్బందిగా ఉంటోంది. తప్పు ఎక్కడో తెలియడం లేదు.

మాస్టారు: మీరు ఏ శ్రుతిలో పాడతారండి?

శ్రోత: ఒకటి. మృదంగం కూడా దానికే కట్టించాం.

మాస్టారు: ట్రాకు మీకంటే పై శ్రుతిలో, ఒకటిన్నరలోనో, రెండులోనో ఉండి ఉంటుంది. మృదంగం ఒక స్వరం పలుకుతోంది, ట్రాకు ఇంకో స్వరం పలుకుతోంది. మీ చెవి సరిగ్గానే చెబుతోంది. ఆడాసిటీ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, వేగం మారకుండా శ్రుతి దించుతుంది. మనవడికి చెప్పండి. ఒక స్వరం వరకు దించితే బాగానే ఉంటుంది, అంతకు మించితే ట్రాకులోని గొంతులు, డోలక్కు బొంగురుపోతాయి. పాత రికార్డుల నుంచి తయారైనవైతే ఒకటికీ ఒకటిన్నరకూ మధ్యలో ఎక్కడో ఉండవచ్చు. అప్పుడు హార్మోనియం మారదు కాబట్టి ట్రాకునే చెవితో వింటూ కొంచెం కొంచెంగా జరపాలి. ఓ పూట పట్టే పని, కానీ పాటకు ఒక్కసారి చేస్తే చాలు.

శ్రోత: మృదంగం అతనికి కూడా ఆ చెవిలో క్లిక్ కావాలా?

మాస్టారు: వద్దండి. భజనలో మీరు ఒక నామాన్ని పది సార్లు అంటారు, భక్తి కుదిరితే ఇరవై సార్లు. ట్రాకు ఆగదు కదా. నన్నడిగితే మీకు ట్రాకే వద్దు, తంబూరా శ్రుతి ఒక్కటి పెట్టుకోండి.

శ్రోత: మనవడు చిన్నబుచ్చుకుంటాడేమో.

మాస్టారు: తాళాలు చేతికిచ్చి పక్కన కూర్చోబెట్టుకోండి.

నిర్వాహకురాలు: ఎం.వి.పి. కాలనీ నుంచి అమ్మా, చెప్పండి.

శ్రోత: మా అబ్బాయికి చప్పుడు రాదని ఎలక్ట్రానిక్ డ్రమ్ములు కొన్నామండి. హెడ్‌ఫోన్లు పెట్టుకునే వాయిస్తాడు. అయినా కింది ఫ్లాటు వాళ్లు రోజూ తలుపు కొడుతున్నారు.

మాస్టారు: అది కాలి పెడల్ అమ్మా. చేతుల చప్పుడు గాలిలో పోతుంది, కాలి దెబ్బ నేల గుండా కిందికి దిగుతుంది. మందపాటి ప్లైవుడ్ పలక కింద టెన్నిస్ బంతులు పరిచి, దాని మీద డ్రమ్ములు పెట్టించండి. బంతులు కదలకుండా ఇంకో పలకకు గుంటలు తీయించి అందులో కూర్చోబెట్టాలి, వడ్రంగి చేస్తాడు. అయినా రాత్రి తొమ్మిది దాటితే కాలు ఆపమనండి. ముందుగా కింది వాళ్లను ఒకసారి ఇంటికి పిలిచి ఆ హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించండి.

నిర్వాహకురాలు: సమయం దగ్గరపడింది. చివరి ఫోను భీమిలి నుంచి.

శ్రోత: మాస్టారూ, మా నాన్న డప్పు వాయిస్తారు. మా బృందంలో ప్యాడ్ ఉంది, కానీ అందులో ఉన్న డప్పు ఏదీ మా నాన్న డప్పులా లేదు. ఆయన చప్పుడే ప్యాడ్‌లో పెట్టుకోవచ్చా?

మాస్టారు: బయటి శబ్దాలు ఎక్కించుకునే ప్యాడ్ అయితే తప్పకుండా పెట్టుకోవచ్చు. ఒక్కో దెబ్బ విడిగా రికార్డు చేయండి. కుడి చేతి చిర్రతో కొట్టింది వేరు, ఎడమ చేతి చిటికెన పుల్లతో కొట్టింది వేరు. ప్రతి దెబ్బా మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా మూడు రకాలు తీయండి. గట్టి దెబ్బ ఒక్కటే తీసి ప్యాడ్‌లో శబ్దం తగ్గించుకుంటే మెల్లగా కొట్టినట్టు ఉండదు, దూరంగా ఎవరో గట్టిగా కొట్టినట్టు ఉంటుంది. మోత పూర్తిగా ఆగేదాకా రికార్డింగు ఆపకండి. అన్నిటికంటే ముఖ్యం, డప్పును మంట దగ్గర కాచి చర్మం బిగిసిన వెంటనే మొదలుపెట్టండి. సముద్రం గాలికి కాసేపట్లోనే వదులవుతుంది. మొదటి దెబ్బకూ చివరి దెబ్బకూ శ్రుతి తేడా వస్తే మళ్లీ కాచాల్సిందే.

శ్రోత: ఒక్క నిమిషం సర్, నాన్న పక్కనే ఉన్నారు, ఏదో అంటున్నారు... మంట వేసేది పెరట్లో కదా, రికార్డింగు గదిలో చేస్తే డప్పు మోసుకొచ్చేలోపు చల్లారిపోతుంది అంటున్నారు.

మాస్టారు: ఆయన చెప్పిందే సరి. మైకునే పెరట్లోకి తీసుకెళ్లండి. కోళ్లుంటే మాత్రం ముందు గంప కింద మూయండి.